మనవాళ్ల గురించి మనమే రాసేటప్పుడు



మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల మన ఎరుకల ఇళ్లకు నోటుబుక్కు పట్టుకుని తిరిగినాను. పుంగనూరు దగ్గర గంప అల్లుతున్న ఒక అవ్వ, "మనోడివే కదా నాయనా, నీకు తెలీనిదేముంది? ఎవరి కోసం రాస్తా ఉండావు?" అనింది. జవాబు చెప్పలేకపోయినా.

ఆ అవ్వ అనుమానం ఊరికే వచ్చింది కాదు. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాలను, తెగలను ఏడు సంపుటాల్లో రాసినాడు. మనుషుల ముక్కులు కూడా కొలిచినాడు. 1911 క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద మనవాళ్లకు పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసినారు. దేశమంతటా 1952లో ఆ చట్టం పోయింది. చూపు మాత్రం పోలేదు.

బయటోళ్లకు చెప్పనివి మనకు చెప్తారు. ఇంట్లో మాట్లాడే కుర్రు బాస, సాతుపాడి, కావడి గోత్రాల పొత్తులు మనకు అడగకుండానే తెలుస్తాయి. కానీ తెలిసిందంతా రాసేది కాదు. కుల సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే కుటుంబం మనల్ని నమ్మి చెప్పిన మాట, రేపు వాళ్లకే అడ్డం రాకూడదు.

అందుకే మళ్లీ పోయి, రాసింది అవ్వకు చదివి వినిపించినా. రెండు చోట్ల కొట్టేయమనింది. కొట్టేసినా.

పరిశోధన చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా ముందు మన వాడల్లో చదివి వినిపించండి. యూనివర్సిటీకి ఆ తర్వాత ఇవ్వచ్చు.