సమాధిలో వేరుశెనగ కాయలు

మన ఊరు ఉప్పలగుప్తంలో పోయినవారికి అన్నం పిండం, నల్ల నువ్వులు, దర్భ. కాకి ముట్టాక మిగిలింది కాలువలో కలుపుతాం. ఈ తడి నేలలో గింజ ఆనవాలైనా మిగలదు.

పెరూ తీరం అలా కాదు, వాన చుక్క అపురూపం. 1870లలో లిమా దగ్గర అంకోన్‌లో ప్రాచీన సమాధులు తవ్వితే మొక్కజొన్న కంకులు, వేరుశెనగ కాయలు చెక్కుచెదరకుండా దొరికాయి. దారి బత్తెం కాబోలు! 1987లో పెరూలోనే సిపాన్‌లో పురావస్తు శాస్త్రవేత్త వాల్టర్ ఆల్వా బృందం బయటపెట్టిన ప్రాచీన మోచె నాగరికత ప్రభువు సమాధిలోనైతే ఏకంగా వేరుశెనగ కాయల హారం: 10 బంగారువి, 10 వెండివి. మనం బఠాణీల బండి దగ్గర పొట్లం కట్టించుకునే పల్లీకి ఎంత వైభోగం!

అంకోన్‌లో మిరపకాయలూ దొరికాయి. ఇక్కడ చాలా ఇళ్లలో తద్దినం వంటకు మిరప పనికిరాదు, మిరియాలే వేస్తారు. మరి మిరప సముద్రాలు దాటి మనకు చేరింది కొలంబస్ తరవాతే.