హైదరాబాదు నుంచి వర్జీనియా సెనేట్‌కు
(ఖతార్, ఇండస్ట్రియల్ ఏరియాలో సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటపాటల నడుమ చట్టసభల గొడవేమిటని మీరనుకోవచ్చు. కాని చట్టం విలువ ఇండస్ట్రియల్ ఏరియాలో ఉన్నవారికి వేరే చెప్పాలా? 2020లో ఇక్కడ చేసిన చట్టాలవల్ల పాత యజమాని అనుమతిపత్రం లేకుండానే ఉద్యోగం మారే వీలు కలిగింది. 2021 మార్చి నుంచి నెలకు 1000 రియాళ్ల కనీస మూలవేతనం అమలులోకి వచ్చింది. కాగితంమీది నాలుగు వాక్యాలు మనం ఇంటికి పంపే డబ్బును మార్చగలవు. అందుకే ఆ వాక్యాలు రాసే పనికి పూనుకున్న ఒక హైదరాబాదు ఆడపడుచును గురించి చెప్పదలచాను.

ఆమె పేరు గజాలా హాష్మీ. 1964లో హైదరాబాదులో పుట్టారు. నాలుగేళ్ల వయసులో తల్లితోనూ, అన్నతోనూ కలసి అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో ఉన్న తండ్రి వద్దకు వెళ్లారు. ఎమరీ విశ్వవిద్యాలయంలో అమెరికన్ సాహిత్యంలో డాక్టరేటు పొందారు. 1991లో వర్జీనియాకు మారి, దాదాపు ముప్పై ఏళ్లు కళాశాలల్లో పనిచేశారు. అంతవరకు ఏ ఎన్నికలోనూ పోటీచేసినవారు కారు.

2017లో కొన్ని ముస్లిం దేశాల వారి రాకను అమెరికా ప్రభుత్వం నిషేధించింది. తాను పెరిగిన దేశంలో తనకు చోటున్నదా అన్న ప్రశ్న ఆమెకు అప్పుడు ఎదురైంది. ఇంట్లో కూర్చుని బాధపడలేదు, ఎన్నికల్లో నిలబడ్డారు. 2019 నవంబరులో, పదవిలో ఉన్న సెనేటరునే ఓడించారు. 40 మంది సభ్యులుగల వర్జీనియా సెనేట్‌కు ఎన్నికైన తొలి ముస్లిం మహిళ ఆమె.

2024లో విద్య, ఆరోగ్య కమిటీకి అధ్యక్షురాలైనారు. గర్భనిరోధక సాధనాలు పొందడం ప్రజల హక్కుగా ఉండాలని బిల్లు తెచ్చారు. ఉభయ సభలూ ఆమోదించినా గవర్నరు వీటో చేశారు. వీటోను తోసిపుచ్చాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. ఆ బలం లేకపోయింది. 2025లో మళ్లీ బిల్లు తెచ్చారు. మళ్లీ వీటో అయింది. ఆమె అభిప్రాయాలతో మనం ఏకీభవించకపోవచ్చు. కాని ఆగిపోయిన బిల్లును మరుసటి ఏడాది మళ్లీ చేతబట్టుకుని సభకు వెళ్లే ఓపికను మాత్రం నేర్చుకోవాలి. 2025 నవంబరులో ఆమె లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికై, 2026 జనవరిలో ప్రమాణం చేశారు. ఆ హోదాలో అదే సెనేట్‌కు అధ్యక్షత వహిస్తారు. ఓట్లు సమానమైతే నిర్ణాయక ఓటు ఆమెదే.

మన పరిస్థితి వేరు. మన పిల్లలు ఇక్కడ పుట్టినా ఇక్కడి పౌరులు కారు. మన చట్టసభలు స్వదేశంలోనే ఉన్నాయి. 2010లో చేసిన సవరణవల్ల, విదేశంలో ఉన్న భారత పౌరులు పాస్‌పోర్టులోని స్వదేశపు చిరునామా ప్రకారం ఓటరు జాబితాలో చేరవచ్చు. దానికి ఫారం 6ఎ నింపాలి. అయితే ఓటు వేయడానికి స్వయంగా అక్కడికి వెళ్లాలి. సెలవు దొరకాలి, టిక్కెట్టు కొనాలి. చేతిలో ఓటుండీ వేయలేని కష్టం మనది.

అయినా పేరు లేనివాడి మాట ఎవరు వింటారు? జాబితాలో మన పేర్లు పెరిగితేనే, ఇక్కడినుంచే ఓటు వేసే ఏర్పాటు కావాలని గట్టిగా అడగగలం. కనుక ఈ పండుగ జ్ఞాపకంగా ప్రతి కుటుంబమూ ఒక పని చేయాలి. పద్ధెనిమిదేళ్లు నిండిన ప్రతి పౌరుడి పేరూ, ప్రతి పౌరురాలి పేరూ నమోదు చేయించండి. ఒకసారి తిరస్కరిస్తే రెండవసారి పంపండి.