బీరువా అడుగుపట్టీ నేర్పిన పాఠం



కర్నూలులో మా పాత మట్టిమిద్దె విప్పినప్పుడు దక్కిన టేకు దూలంతో బీరువా చేయించాను. దాని అడుగున ముందూ పక్కలా వేసే నగిషీ పట్టీని నేనే కోయబోయాను. ముందు ముక్కను బీరువా వెడల్పుకే, 1200 మిల్లీమీటర్లకే కోశాను. బిగించబోతే రెండు మూలలూ కలవలేదు. మా నాయన నాటి చెక్క పాడుచేశానని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు మనవరాలు కంప్యూటర్లో స్కెచప్ తెరిచింది. 2000లో వచ్చిన సాఫ్ట్‌వేర్ అది. బీరువా అడుగు అంచు వెంట గీత గీసి, దాని కొసన పట్టీ అడ్డకోత ఆకారం గీసింది. 'ఫాలో మీ' అనే పనిముట్టు ఆ ఆకారాన్ని గీత వెంబడి నడిపి మొత్తం పట్టీని చూపించింది.

"మందం కలపలేదు తాతా!" అంది.

నిజమే. పట్టీ మందం 18 మిల్లీమీటర్లు. మూలల్లో 45 డిగ్రీల కోత కాబట్టి లోపలి అంచు 1200 అయితే, బయటి అంచు రెండువైపులా 18 చొప్పున పెరిగి 1236 కావాలి.

చెక్క వృథా కాలేదు. బీరువా లోతు 500; పక్క పట్టీ ఒక్కొక్కటి 518 చాలు. పొట్టి ముక్కను మధ్యకు కోస్తే కుడి సగం ఎడమ పక్కకు, ఎడమ సగం కుడి పక్కకు సరిపోయాయి. తడి, చెద అంటకుండా కింద కడప బండ పరిచాం.

తెరమీద తప్పు గీతను చెరపవచ్చు. కోసిన చెక్కను పెంచలేం. పిల్లల దగ్గర నేర్చుకోవడానికి నామోషీ పడకండి.

సెలవు.