గర్భిణి మనసులోని భయం – మనం చేయవలసిన సాయం



గర్భిణి ఆరోగ్య కేంద్రానికి వస్తే బరువు చూస్తాం, బి.పి. చూస్తాం, రక్తం పరీక్ష చేస్తాం. “రాత్రి నిద్ర పడుతోందా అమ్మా? ఏదైనా భయం పీడిస్తోందా?” అని మాత్రం అడగం. ఈ రోజు ఆ సంగతి మాట్లాడుకుందాం.

2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి మన మైలార్‌దేవ్‌పల్లి వాళ్లకు గుర్తుండే ఉంటుంది. కుండపోత వానకు పల్లె చెరువు పొంగింది. అలీనగర్‌లో ఒకే కుటుంబంలోని పలువురు వరదలో కొట్టుకుపోయారు. గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగి బెంగుళూరు రోడ్డును ముంచింది. వరద తగ్గుతుంది, బురద ఎత్తేస్తాం. కాని అలాంటి రాత్రిని చూసిన మనిషికి మళ్లీ గట్టిగా వాన కురిస్తే చాలు, గుండె దడదడలాడవచ్చు.

ఇటువంటి భయం వరదతోనే రాదు. రోడ్డు ప్రమాదం, భర్త చేతి దెబ్బలు, బలాత్కారం, వెనుకటి కాన్పులో ప్రాణం మీదికి రావడం, పుట్టిన బిడ్డ దక్కకపోవడం – ఏదైనా కారణం కావచ్చు. పీడకలలు, జరిగినదే మళ్లీ కళ్లముందు జరుగుతున్నట్లు తోచడం, చిన్న చప్పుడుకే ఉలికిపాటు, ఆ చోటికి పోలేకపోవడం దీని గుర్తులు. ఇవి నెల దాటినా తగ్గకపోతే వైద్యం అవసరం. డాక్టర్లు దీన్ని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ అంటారు. ఇది గాలి సోకడం కాదు, మొండితనమూ కాదు. మంచి వైద్యంతో తగ్గుతుంది.

ఇలాంటి గర్భిణికి పరీక్ష బల్ల ఎక్కమంటేనే ఒళ్లు బిగుసుకుపోవచ్చు. అందుకే కొందరు పరీక్షలకే రారు. అలా రానివారిని కసరకండి. మరి ఏం చేయాలి?

నర్సమ్మలారా, ముట్టుకునే ముందు ఏం చేయబోతున్నారో చెప్పండి. “సరేనా అమ్మా?” అని అడగండి. ఆమె ఆపమంటే ఆపండి. ప్రతిసారీ లోపలి పరీక్ష అవసరం ఉండదు. ఇంట్లోవాళ్ల ఎదుట కాక, ఒంటరిగా మాట్లాడండి. చెప్పమని బలవంతపెట్టకండి. ఆమె చెప్పింది నలుగురిలో చెప్పకండి.

అత్తగార్లారా, “మేం కనలేదా?” అనకండి. ఆమె కోరితే వెంట వెళ్లండి. భర్తలారా, ఆమె చెప్పేది వినండి. నిద్రమాత్రలు సొంతంగా కొనవద్దు. డాక్టరు రాసిన మందులు సొంతంగా మానవద్దు.

అమ్మా, నీకే ఈ బాధ ఉంటే ఆశ కార్యకర్తకు చెప్పు. టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చెయ్యి, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో కొట్టేవాళ్లుంటే 181కి చెయ్యి.

కాన్పు అయ్యాక కూడా మనసు కుదుటపడేందుకు సమయం కావాలి. బిడ్డకూ బిడ్డకూ మూడేళ్ల ఎడం ఉంచండి. కాపర్-టి, మాత్రలు, నిరోధ్ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. ఏది కావాలో ఆమె తేల్చుకోవాలి, బలవంతం పనికిరాదు.

కడుపుతో ఉన్న తల్లికి పాలు, పండ్లు ఎంత అవసరమో, ధైర్యం చెప్పే మనిషీ అంతే అవసరం. ఆ మనిషి మీరే కండి.