సీసా అసలుదే, సరుకు?

బ్యాంకు కుటుంబాల సమావేశంలో వైన్ గొడవేమిటని నవ్వకండి. నేను చెప్పబోయేది నమ్మకం గురించి.

2008లో న్యూయార్క్ వేలంలోకి ఫ్రాన్స్‌లోని పోన్సో కుటుంబం పేరుతో 1945 నాటి 'క్లో సాన్ దెనీ' వైన్ వచ్చింది. వాళ్లు ఆ వైన్ చేయడం మొదలుపెట్టిందే 1980లలో! లోరాన్ పోన్సో స్వయంగా వెళ్లి ఆ సీసాలను వేలం నుంచి తీయించారు. వాటిని అమ్మకానికి పెట్టిన రూడీ కుర్నియావాన్ ఇంట్లో 2012లో ఎఫ్‌బీఐకి లేబుళ్లు, బిరడాలు, ఖాళీ సీసాలు దొరికాయి. 2014లో పదేళ్ల జైలుశిక్ష పడింది.

ఇప్పుడు కొందరు తయారీదారులు మూత దగ్గర చిన్న చిప్ అమరుస్తున్నారు. ఫోన్ ఆనిస్తే సీసా వివరాలు వస్తాయి. మూత తీస్తే ఆ సంగతీ తెలిసిపోతుంది. సీసా చేతులు మారినప్పుడల్లా బ్లాక్‌చెయిన్‌లో ఎంట్రీ పడుతుంది. మన భాషలో చెప్పాలంటే, ఒకే లెడ్జర్ నకళ్లు చాలామంది దగ్గర ఉంటాయి. ఒకరు చాటుగా దిద్దితే మిగతావాటితో టాలీ కాదు.

మరి మొదటి ఎంట్రీయే అబద్ధమైతే? లెడ్జర్ దాన్నీ అంతే భద్రంగా దాస్తుంది. అందుకే మనిషి తనిఖీ తప్పదు. మేకర్‌తోపాటు చెకర్ ఎందుకుండాలో మనకు తెలిసిందే కదా!

మన ఇళ్లకు ముఖ్యం వైన్ కాదు, మందులు. 2023 ఆగస్టు 1 నుంచి మన దేశంలో ఎంపిక చేసిన 300 బ్రాండ్ల మందులపై బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ తప్పనిసరి. అది బ్లాక్‌చెయిన్ కాదు గానీ ఉద్దేశం ఒకటే. పిల్లలూ, తాతయ్య మందులు రాగానే కోడ్ స్కాన్ చేయండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ అట్టమీదివాటితో సరిపోల్చండి. ఇంట్లో చెకర్ మీరే.