గోడ మీద దస్తూరి

ఇవాళ నవంబరు 10, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పుట్టినరోజు. 1798లో కలకత్తాలో పుట్టాడని, నిఘంటువు కూర్చాడని, వేమన పద్యాలు అచ్చు వేయించాడని బడిపిల్లలకు కూడా తెలుసు. అవన్నీ మళ్లీ చెప్పను. మన యర్రగొండపాలెం, మార్కాపురం వైపు వాళ్లకు మాత్రం ఒక సంగతి గుర్తు చేయాలి. 1820లో బ్రౌన్ కడపకు ఉద్యోగం మీద వచ్చేనాటికి మన కంభం సీమ కడప జిల్లాలోనే ఉండేది. 1858లో కర్నూలులో కలిసింది, 1970లో ప్రకాశంలోకి వచ్చింది. బ్రౌన్ దొర కడప వాళ్లకెంతో మనకూ అంతే.

ఆయనకు వచ్చిన జాబులను పాత కట్టల్లోంచి వెలికితీసినవారు బంగోరె, అంటే బండి గోపాలరెడ్డి గారు. నెల్లూరు సీమ పాత్రికేయుడు. ఆ పుస్తకాలు చదివినప్పుడల్లా నాకొక కోరిక కలుగుతుంది. అచ్చులో విషయం తెలుస్తుంది, రాసిన చెయ్యి తెలియదు. ఆ జాబులకు నకళ్లు తీసి, పెద్దవి చేసి, మన గ్రంథాలయాల గోడలకు ఎందుకు తగిలించకూడదు? కవుల ఫొటోలు తగిలిస్తాం, దండలు వేస్తాం. వాళ్ల దస్తూరి మాత్రం మన పిల్లలు ఒక్కసారైనా చూడరు.

గోడ మీద రాత మనకు కొత్తేమీ కాదు. పక్కనే త్రిపురాంతకం ఉంది. కాయస్థ అంబదేవుని 1290 నాటి శాసనం అక్కడిదే. అయితే శాసనంలోని అక్షరం చెక్కినవాడిది, చెప్పినవాడిది కాదు. అంబదేవుడి చేతిరాత ఎలా ఉండేదో మనకు ఎన్నటికీ తెలియదు. ఉత్తరం అలా కాదు. ఆ మనిషి చెయ్యే అక్కడ కదిలింది. ఎక్కడ ఆగిందో, ఏ మాట కొట్టేసి ఏ మాట పెట్టిందో కనిపిస్తుంది.

మా చిన్నతనంలో ప్రతి ఇంట్లో గోడకు ఉత్తరాల తీగ ఉండేది. కింద గుండ్రటి చెక్క, పైకి వంచిన ఇనుప తీగ. వచ్చిన కార్డును చదివి దానికి గుచ్చేవాళ్లు. పసుపు పూసిన శుభలేఖలూ అందులోకే. చావు కబురు కార్డు మాత్రం చదవగానే చించేసేవాళ్లు, ఇంట్లో ఉంచకూడదని. ఏ కార్డు ఎవరిదో మా నాయనమ్మ రాత చూసి చెప్పేది. ఆమెకు చదువు రాదు. వాలు రాత తమ్ముడిది, ముద్దల్లాంటి అక్షరాలు అల్లుడివి, అంతే. అక్షరం రాని మనిషి కూడా దస్తూరిని బట్టి మనిషిని పోల్చుకునేది. గోడ మీద రాతకు అంత బలం ఉందని నేను నమ్మేది ఆమెను చూసే.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన కాగితం దగ్గరికి వస్తాను. అది ఉత్తరం కాదు, ఒక పాట. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె వచ్చారు. అక్కడి థియోసాఫికల్ కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండు కవి. ఆయన భార్య మార్గరెట్ సంగీతం తెలిసిన మనిషి, ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పోరాడి జైలుకు వెళ్లివచ్చిన ధీర. ఠాగూర్ విద్యార్థుల మధ్య కూర్చుని తన బెంగాలీ పాట జనగణమన పాడారు. పిల్లలు గొంతు కలిపారు. మార్గరెట్ స్వరాలు రాసుకున్నారు. ఠాగూర్ ఆ పాటను ఇంగ్లీషులోకి మార్చి, తన చేత్తోనే రాసి, 'మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' అని పేరు పెట్టి, మదనపల్లె అని, 1919 ఫిబ్రవరి 28 అని వేసి ఇచ్చారు.

ఇక్కడో చిన్న సవరణ. జనగణమన మదనపల్లెలో పుట్టిందని మనలో చాలామంది ప్రేమకొద్దీ చెబుతుంటారు. పాట 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలోనే పాడారు. మదనపల్లెలో జరిగింది స్వరాలు రాసుకోవడం, అనువాదం. అదేం తక్కువ గౌరవం? ఆ కాగితం నకలు చూడండి. కింద మన రాయలసీమ ఊరి పేరు ఠాగూర్ చేతిరాతలో ఉంది. ప్రతి బడిలో ఉండాల్సిన పటం అది.

దీనికి జతగా ఇంకొకటి తగిలించాలి. ఆ పాట అయిదో జార్జి చక్రవర్తిని పొగడడానికి రాశారని నేటికీ అంటుంటారు. ఆ మాటకు జవాబు చెబుతూ ఠాగూర్ పులిన్ బిహారీ సేన్‌కు ఉత్తరం రాశారు. అందులో, పాటలోని భాగ్యవిధాత ఏ జార్జీ కాడని తేల్చేశారు. ఆ ఉత్తరం తేదీ 1937 నవంబరు 10. మళ్లీ ఈ రోజే! వాదన పెట్టుకునేవాళ్లకు ఆ ఉత్తరం చూపిస్తే చాలు.

సమయం తక్కువగా ఉంది, మిగతావి గబగబా చెబుతాను. గురజాడ వారి లేఖలు. కన్యాశుల్కం గురించి ఒంగోలు మునిసుబ్రహ్మణ్యం గారికి ఆయన రాసిన ఉత్తరాలు తెలుగులో ఉంటాయనుకుంటారు, ఇంగ్లీషులో ఉంటాయి. వాడుక భాష కోసం ప్రాణం పెట్టిన మనిషి జాబులు ఇంగ్లీషులో ఎందుకు రాశాడని పిల్లలు అడగాలి, మాస్టార్లు ఆ కాలం గురించి చెప్పాలి. తర్వాత శ్రీశ్రీ. 1981లో లండన్‌లో గూటాల కృష్ణమూర్తి గారు మహాప్రస్థానాన్ని శ్రీశ్రీ సొంత దస్తూరితో అచ్చు వేశారు, ఆయన గొంతుతో క్యాసెట్టు కూడా జతచేసి. అది 1930ల నాటి చిత్తుప్రతి అనుకోకండి. తర్వాత ఎన్నో ఏళ్లకు ఆయన రాసిన సాఫుప్రతి. అయినా ప్రతి పేజీ పటం కట్టించుకోదగ్గదే. బాపు గారి రాత సంగతి సరేసరి. పెళ్లి శుభలేఖల మీద ఆ అక్షరాలు ఇప్పటికే మన ఇళ్లలోకి వచ్చేశాయి.

నకలు కదా, దానికేం విలువ అని కొందరంటారు. అసలు కాగితాన్ని వెలుతురులో ఉంచితే సిరా వెలిసిపోతుంది. అందుకే మ్యూజియంలలో పాత రాతలను 50 లక్సుల మసక వెలుతురులో కొన్నాళ్లు చూపించి లోపల పెట్టేస్తారు. అసలుది పది కాలాలు ఉండాలంటే గోడకెక్కాల్సింది నకలే.

యర్రగొండపాలెంలో గానీ, గిద్దలూరులో గానీ ఏ బడివాళ్లయినా ఈ పనికి పూనుకుంటే నా మనవి ఒకటి. కొట్టివేతలు, సిరా మరకలు కంప్యూటరులో తుడిపేయకండి. రాత అసలు సైజులో ఒకటి, పెద్దది చేసి ఒకటి పెట్టండి. పిల్లల కళ్లకు అందే ఎత్తులో తగిలించండి, ఎండ తగిలే గోడ వద్దు. ఎవరు, ఎవరికి, ఎప్పుడు రాశారో, అసలు కాగితం ఎక్కడుందో కింద ఒక చీటీ అంటించండి. పక్కన మన మార్కాపురం పలకలు నాలుగు, బలపాలు పెట్టండి. ఆ వంకరలు తాము కూడా దిద్ది చూడాలని పిల్లలకు తప్పకుండా అనిపిస్తుంది.