మా మేనత్త కుట్టిన బొంతలు

ఈ ఉదయం ధ్యానము కొరకు అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయము 36 నుండి 42 వరకు గల వచనములను మీ బైబిళ్లలో తెరచి ఉంచుకొనండి.

యొప్పే కూడా మన బందరులాగే సముద్రపు రేవు. అక్కడ తబితా అనే శిష్యురాలు జబ్బుపడి చనిపోయింది. గ్రీకు భాషలో ఆమెనే దొర్కా అన్నారు. పేతురు మేడగదిలోకి వచ్చినప్పుడు విధవరాండ్రు ఏమి చేశారో గమనించారా? ఆమెను గూర్చి ప్రసంగాలు చేయలేదు. ఏడుస్తూ ఆమె తమకు కుట్టిన బట్టలు చూపించారు.

ఈ భాగము చదివినప్పుడెల్లా మా మేనత్త జ్ఞాపకం వస్తుంది. పుట్టినిల్లు గుడివాడ దగ్గర పల్లె. మెట్టినిల్లు దివిసీమలో కోడూరు ప్రాంతం. తరువాతి జీవితమంతా బందరులో మా నాన్నగారి ఇంట గడిచింది. ఎసట్లో బియ్యం పోసే ముందు దేవునికని ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసేది. బియ్యం ధర ఎంత పెరిగినా ఆ పిడికిలి చిన్నది కాలేదు. ఆదివారం మొదటి గంట కొట్టేసరికి స్త్రీల వైపు, గోడవారగా కూర్చుని ఉండేది. గుడిలో నన్ను "అయ్యగారు" అనేది, ఇంటికి వస్తే "ఒరేయ్ అబ్బాయ్" అనేది!

ఎనభై దాటాక ప్రభువు పిలుపు అందుకుంది. జ్ఞాపకార్థ కూటములో నేనే మాట్లాడాను. ఎన్ని శ్రమలు వచ్చినా ఎన్నడూ దేవుని మీద సణగని విశ్వాసి అని చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు. కూటము ముగిశాక నాగాయలంక వైపు నుండి వచ్చిన ఒక వృద్ధురాలు చంకలో మూటతో నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఏమీ అనుకోకండి. మీరు చెప్పింది నిజం కాదు. ఆమె సణిగింది" అన్నది.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ వారికి ఆ తేదీని గూర్చి ఎవరూ చెప్పనక్కరలేదు. తుపాను తీరం దాటింది చీరాల వైపు. కాని గాలి దానికి కుడిపక్కనున్న దివిసీమ మీదికే సముద్రాన్ని తోసుకొచ్చింది. సుమారు అయిదు మీటర్ల ఎత్తున ఉప్పెన. చనిపోయినవారు పది వేలమంది దాకా అని లెక్క. మా మామయ్య, వాళ్ల చిన్నపిల్ల ఆ నీళ్లలో పోయారు. అత్త తుమ్మచెట్టును పట్టుకుని బ్రతికింది. ముళ్ల మచ్చలు చేతుల మీద చివరిదాకా ఉన్నాయి. మరునాడు ఆదివారం. "ఆ ఒక్క ఆదివారమే నేను గుడికి పోలేదురా, పోవడానికి గుడి ఉంటేగా" అని నాతో ఒకసారి అన్నది.

నేనప్పుడు గుడివాడలో హాస్టలులో ఉండి చదువుకుంటున్నాను. తరువాత జరిగినది ఆ వృద్ధురాలు చెబితేనే తెలిసింది. రెండేళ్లపాటు అత్త ప్రతి ఆదివారం గుడికి వచ్చేదట, పాటల పుస్తకం తెరిచేదట, నోరు మాత్రం తెరవలేదట. ఎందుకమ్మా అంటే, "నా పిల్ల సంగతి ఆయన చెప్పేదాకా పాడను" అన్నదట.

కాని ఆ రెండేళ్లూ ఇల్లిల్లూ తిరిగి పాత చీరలు అడిగి తెచ్చి బొంతలు కుట్టింది. మూట కట్టుకుని బస్సెక్కి చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా వెళ్లి, పిల్లలను పోగొట్టుకున్న తల్లులకు ఇచ్చి వచ్చేది. "ముగ్గురిని పోగొట్టుకున్నానయ్యా. అందరూ వచ్చి దేవుని చిత్తం అన్నారు. ఈమె ఏమీ అనలేదు. బొంత పరిచి, తెల్లారేదాకా నా పక్కన కూర్చుంది." ఇలా అని ఆ తల్లి మూట విప్పింది. మాసిక మీద మాసిక వేసిన బొంత. అప్పటి నుండి దాచుకుంది.

ప్రియులారా, నాకు సిగ్గు వేసింది. ఎందుకంటే సేవలోకి వచ్చిన క్రొత్తలో నేనూ అత్తతో అదే మాట, దేవుని చిత్తమనే మాట, అన్నాను. "అది నువ్వు చెప్పే మాట కాదురా, ఆయన్నే చెప్పనీ" అని పొయ్యి దగ్గరకు వెళ్లిపోయింది. ఆ మాట మరచిపోయి, ఆమె కూటములోనే ఆమె దుఃఖాన్ని కప్పిపెట్టాను. యోబు గ్రంథము చివర దేవుడు కోపించినది మొరపెట్టిన యోబు మీద కాదు, దేవుని పక్షాన వాదించిన స్నేహితుల మీద. లాజరు చనిపోయినప్పుడు ప్రభువు ఆలస్యంగా వచ్చాడని మార్త ఆయన ముఖం మీదనే అన్నది. ఆయన ఆమెను గద్దించలేదు. సమాధి దగ్గర ఆయనే ఏడ్చాడు.

"మరి మళ్లీ ఎప్పుడు పాడిందమ్మా?" అని ఆ తల్లిని అడిగాను. "ఒక క్రిస్మస్‌కి నేను బందరు వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. పాట మధ్యలో గొంతు వినబడింది. నేను తల తిప్పి చూడలేదు."

జవాబు దొరికిందా అని అడిగారా అన్నాను.

"అడగలేదయ్యా."

ప్రార్థన చేసుకుందాము. ప్రభువా, ఈ ఉదయం పాడలేక రేడియో దగ్గర కూర్చున్నవారు నీకు తెలుసు. ఉప్పెనలో పోయినవారి పేర్లు నీకు తెలుసు. వారి ప్రక్కన కూర్చుండుటకు మాలో ఎవరినైనా పంపుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.